ఒక్క రోజులో 57 వేల మంది... ఆ జనరల్స్‌కి నిజంగా బుర్ర లేదా?

శ్రీకాకుళం_చిన్నోడు
గ్రూప్స్ కోసం ప్రపంచ చరిత్ర చదువుతున్నా. మొదటి ప్రపంచ యుద్ధం దగ్గరికొచ్చేసరికి ఒళ్లు మండిపోయింది. 1916 జులై 1, ఫ్రాన్సులో సోమ్ నది దగ్గర. పొద్దున్న 7:30కి బ్రిటిష్ సైన్యం కందకాల్లోంచి లేచి ముందుకు నడిచింది. ఆ ఒక్క రోజు నష్టం, గాయపడ్డవాళ్లతో కలిపి, 57,470 మంది. అందులో చనిపోయినవాళ్లే 19,240. సరే, ఒక రోజు ప్లాన్ బెడిసికొట్టింది అనుకుందాం. ఆపారా? ఆపలేదు. నవంబర్ 18 దాకా, 141 రోజులు అదే పని. చివరికి ముందుకు జరిగింది పది కిలోమీటర్లు.
ఎదురుగా మెషిన్ గన్, మధ్యలో ముళ్లకంచె. మనిషిని అందులోకి నడిపిస్తే చస్తాడని తెలియడానికి స్టాఫ్ కాలేజీలో చదవాలా? నాకు రెండే సమాధానాలు తోస్తున్నాయి. ఒకటి, వీళ్లు శుద్ధ మూర్ఖులు. రెండు, సిపాయిల ప్రాణాలంటే లెక్కలేదు. మూడోది ఉంటే చెప్పండి.

ముక్కుసూటి_మూర్తి
రెండూ. తర్వాతి ప్రశ్న?

కాజీపేట_జంక్షన్
మూడోది ఉంది, దాని పేరు రైలు. నేను ఆ శాఖలోనే ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ప్రతిదాంట్లోనూ పట్టాలే కనిపిస్తాయని అనుకోకండి, ఇక్కడ నిజంగానే ఉన్నాయి.
మొదటి వరస కందకాన్ని పట్టుకోవడం అంత అసాధ్యం కాదు. 1915 నుంచీ చాలాసార్లు పట్టుకున్నారు. చిక్కంతా ఆ తర్వాతే. కాపు కాసేవాడి వెనక రోడ్లూ పట్టాలూ చెక్కుచెదరకుండా ఉంటాయి. దాడి కబురు తెలియగానే రిజర్వు డివిజన్‌ని బండెక్కించి తెచ్చి దించేస్తాడు. దాడి చేసేవాడి రైలు మాత్రం తన కందకం వెనకే ఆగిపోతుంది. అక్కణ్ణించి ముందుకు ఉన్నదంతా తన ఫిరంగులే దున్నేసిన నేల. మనుషులు నడవాలి, ఫిరంగుల్ని గుర్రాలు ఈడ్వాలి. వీడు గండి కొట్టి ఊపిరి పీల్చుకునేలోపే వాడు పూడ్చేసేవాడు.

గోదారి_గట్టు
ఆ నడక ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. దమ్ము చేసిన మడిలో నెత్తిన ఎరువు బస్తా పెట్టుకుని గట్టు దాకా పరిగెత్తమంటే ఎట్లా ఉంటుందో అట్లా. సోమ్‌లో ఒక్కో సిపాయి ఒంటి మీద దాదాపు 27 కేజీల బరువు ఉండేది. తూటాలు, బాంబులు, పార, ఇసక సంచులు, తిండి, నీళ్లు. గెలిచాక అక్కడే కొత్త కందకం తవ్వుకోవాలి కదా, అందుకని పార కూడా మోయించారు.

శ్రీకాకుళం_చిన్నోడు
@కాజీపేట_జంక్షన్ అన్నా, అయితే నా కోపం ఇంకా పెరిగింది. కాపు కాసేవాడికే అంత లాభమని తెలిసినప్పుడు దాడి చేయడం ఎందుకు? కూర్చుంటే పోయేది కదా.

డల్లాస్_అల్లుడు
కూర్చునే సౌకర్యం జర్మనీకి ఉంది, ఫ్రాన్సుకి లేదు. 1914 చివరికి దాదాపు బెల్జియం అంతా, ఫ్రాన్సు ఉత్తర భాగంలో బొగ్గు గనులూ ఇనుప ఖనిజమూ ఉన్న ప్రాంతం జర్మన్ల చేతిలో ఉన్నాయి. నీ ఇంట్లో వాడు కాపురం పెట్టి, తలుపు దగ్గర తుపాకీతో కూర్చున్నాడు. "నేను కదలను" అంటే ఇల్లు వాడిదైపోతుంది.
పైగా సోమ్ దాడి బ్రిటిష్ సేనాధిపతి హేగ్ ఒక్కడి సరదా కాదు. 1915 డిసెంబరులో ఫ్రాన్సులోని షాంటీయీలో మిత్రపక్షాలన్నీ కూర్చుని, వచ్చే ఏడాది అందరం ఒకేసారి అన్ని వైపుల నుంచీ కొడదాం అనుకున్నాయి. ఈలోగా ఫిబ్రవరి 21న జర్మన్లు ఫ్రాన్సులోని వెర్డున్ మీద పడ్డారు. ఫ్రెంచివాళ్లు అక్కడ రక్తం కక్కుతుంటే సోమ్‌ని ఇంకా వాయిదా వేయడం కుదరలేదు.

ముక్కుసూటి_మూర్తి
దాడి తప్పదు, ఒప్పుకుంటా. ఇలాగే చేయడం తప్పదా? ఇటలీ జనరల్ కాడోర్నాని చూడండి. ఇసోంజో నది దగ్గర రెండేళ్ల చిల్లరలో పదకొండు దాడులు. అదే నది, అవే కొండలు. పైగా సొంత సిపాయిల్నే నిలబెట్టి కాల్చే శిక్షలు. చివరికి 1917 అక్టోబర్ 24న కపొరెట్టో దగ్గర ఆస్ట్రియన్లూ జర్మన్లూ కలిసి ఒక్క దెబ్బ కొట్టేసరికి సైన్యం చెల్లాచెదురైంది. దీనికి కూడా రైలే కారణమా?

కాజీపేట_జంక్షన్
కాడోర్నాని నేను వెనకేసుకురాను. ఆయన మీకే.

లెక్కల_మేష్టారు
భావోద్వేగాలు కాసేపు పక్కన పెట్టి సోమ్ లెక్క చూద్దాం. దాడికి ముందు వారం రోజుల పాటు సుమారు 15 లక్షల గుండ్లు పేల్చారు. వినడానికి భయంకరంగా ఉంటుంది. కానీ దాన్ని ఇరవై అయిదు కిలోమీటర్ల వెడల్పుతో భాగించాలి. ఆ తర్వాత లోతుతో. రాలిన్సన్ అనే జనరల్ ముందు వేసిన ప్లాన్ చిన్నది: మొదటి వరస పట్టుకుందాం, అక్కడ గట్టిగా కూర్చుని వాళ్లనే మన మీదకి రానిద్దాం, ఫిరంగుల్ని ముందుకు జరుపుకుని ఇంకో ముద్ద కొరుకుదాం అన్నాడు. హేగ్‌కి అది ఆనలేదు. రెండో వరస దాకా ఒకే ఊపులో పోవాలన్నాడు. ఫిరంగులు అవే, కొట్టాల్సిన నేల మాత్రం దాదాపు రెట్టింపు. గజం కందకానికి పడిన గుండ్ల బరువు చూస్తే, ఏడాది ముందు న్యూవ్ షపెల్‌లో చేసిన చిన్న దాడి కంటే ఇక్కడ పలచన.
ఇక ఆ 15 లక్షల్లో ఎక్కువ భాగం ష్రాప్‌నెల్. అంటే గాల్లో పేలి గోళీలు చిమ్మే గుండు. బయట నిలబడ్డ మనుషుల మీద పనిచేస్తుంది గానీ ముళ్లకంచెని సరిగా తెంపదు, నేల లోపలికి దిగదు. బోలెడన్ని గుండ్లు పేలనే లేదు. జర్మన్లు సుద్దనేలలో తొమ్మిది పది మీటర్ల లోతున గదులు తవ్వుకుని కూర్చున్నారు. కాల్పులు ఆగగానే మెట్లెక్కి పైకొచ్చి మెషిన్ గన్ బిగించారు.

శ్రీకాకుళం_చిన్నోడు
మేష్టారూ, మీరు నా మాటనే లెక్కలతో చెప్పారు. హేగ్‌దే తప్పు.

లెక్కల_మేష్టారు
తప్పు హేగ్‌దే. కానీ నువ్వు చెప్పిన తప్పు కాదు. "మెషిన్ గన్ ముందుకి మనుషుల్ని నడిపించాడు" అన్నది తప్పు కాదు, "ఉన్న ఫిరంగులతో చేయగలిగిన దానికంటే పెద్ద పని పెట్టుకున్నాడు" అన్నది తప్పు. తేడా ఎక్కడంటే, అదే జులై 1న దక్షిణపు చివర మొంటబాన్, మామెట్జ్ ఊళ్లు బ్రిటిష్ చేతికొచ్చాయి. వాళ్ల కుడిపక్కన ఫ్రెంచివాళ్లు అనుకున్నవన్నీ దాదాపుగా పట్టుకున్నారు, భారీ ఫిరంగులు వాళ్ల దగ్గర ఎక్కువ కాబట్టి. అవే కందకాలు, అదే మెషిన్ గన్.

సిగ్నల్స్_రిటైర్డ్
అందరూ ఫిరంగుల గురించే మాట్లాడుతున్నారు. నేను సర్వీసంతా వైర్లతోనే గడిపాను కాబట్టి ఇంకో సంగతి. సొంత వైపు టెలిఫోన్ తీగని రెండు మీటర్ల లోతున పాతిపెడితే గుండ్లకి తట్టుకుంటుంది. దాడి మొదలై సిపాయి కందకం దాటాడా, ఇక ఆ తీగ లేదు. వెనకాలే చుట్ట విప్పుకుంటూ లాక్కెళ్తారు, పది నిమిషాల్లో ఎక్కడో తెగుతుంది. అప్పటి వైర్‌లెస్‌ని సిపాయి భుజాన వేసుకుని పోయే రోజులు కావు. మిగిలింది జెండాలు, పావురాలు, పరిగెత్తే మనుషులు. వెర్డున్ దగ్గర వో కోటలో చిక్కుకున్న ఫ్రెంచి కమాండర్ రేనాల్ 1916 జూన్‌లో తన చివరి పావురాన్ని వదిలాడు. అది విషవాయువులో ఎగిరి కబురందించింది, దానికి తర్వాత పురస్కారం కూడా ఇచ్చారు. జనరల్‌కి కబురు తెచ్చిపెట్టేది ఒక పిట్ట.
న్యూవ్ షపెల్ పేరొచ్చింది కాబట్టి చెబుతున్నా. 1915 మార్చి 10. దాడి చేసినవాళ్లలో సగం మంది మన ఇండియన్ కోర్‌వాళ్లే, మీరట్ డివిజన్ ముందు (కొన్ని డివిజన్లు కలిస్తే ఒక కోర్). 35 నిమిషాల కాల్పులు, వెంటనే దాడి, పొద్దున్నే ఊరు చేతికొచ్చింది. ముందు దారి దాదాపు ఖాళీ. అప్పుడు ఏం జరిగింది? కబుర్లు వెనక్కి పోవాలి, ఆర్డర్లు ముందుకి రావాలి, పక్క కోర్ కదిలితే మేం కదులుతాం అని ఒకరి కోసం ఒకరు ఆగారు. మళ్లీ కదిలేసరికి సాయంత్రం ఐదు దాటింది. అప్పటికి జర్మన్లు కొత్త వరస తవ్వుకుని కూర్చున్నారు. మూడు రోజుల్లో 11 వేల మందికి పైగా నష్టం, అందులో 4 వేలకు పైగా భారతీయులు. గఢ్వాలీ సిపాయి గబర్ సింగ్ నేగికి చనిపోయాక విక్టోరియా క్రాస్ (బ్రిటన్ అత్యున్నత సాహస పతకం) ఇచ్చింది ఈ యుద్ధానికే.
కాబట్టి బుర్ర ఉందా లేదా అన్నది కాదు. బుర్రకి కబురే అందడం లేదు.

పకోడీ_పొట్లం
"పరిగెత్తే మనుషులు" అంటే, హిట్లర్ చేసిన ఉద్యోగం అదే కదా సర్? రెజిమెంటులో కబుర్లు మోసేవాడు.

సిగ్నల్స్_రిటైర్డ్
అవును. ఆ ఒక్క కబురు చేరకపోయినా బాగుండేది.

బొల్లారం_బాద్షా
మా ఏరియా వాటా నేను కలుపుతా. నిజాం కంటింజెంట్ అని ఉండేది, దాని హెడ్‌క్వార్టర్స్ బొల్లారం. అందులోంచి పుట్టిన రిసాలాయే (గుర్రపు దళమే) 20వ డెక్కన్ హార్స్. 1916 జులై 14న, సోమ్‌లోనే, బ్రిటిష్‌వాళ్లు రాత్రికి రాత్రి శత్రువు దగ్గరికి నిశ్శబ్దంగా చేరి, తెల్లవారుజామున ఐదు నిమిషాలు మాత్రం ఉతికి, రెండో వరసలో పెద్ద ముక్క పట్టేశారు. హై వుడ్ అనే అడవి ఎదురుగా ఖాళీగా ఉంది. పొద్దున్నే అశ్వికదళానికి కబురు పంపారు. గుంతలు, కందకాలు, జారే బురద దాటుకుని గుర్రాలు అక్కడికి చేరేసరికి సాయంత్రమైంది. డెక్కన్ హార్స్, 7వ డ్రాగూన్ గార్డ్స్ కలిసి గోధుమ చేలల్లోంచి బల్లేలతో దూసుకెళ్లాయి. కొంతమందిని పొడిచారు, కొంతమందిని పట్టుకున్నారు. చీకటి పడ్డాక గుర్రాలు దిగి వరస కట్టుకుని కూర్చున్నారు. ఆ అడవి పూర్తిగా చేతికొచ్చింది సెప్టెంబర్ మధ్యలో.

శ్రీకాకుళం_చిన్నోడు
మెషిన్ గన్ కాలంలో బల్లేలు! ఇదిగో, దీన్నే కదా నేను అంటున్నది.

బొల్లారం_బాద్షా
తమ్ముడూ, గండి పడ్డాక దాంట్లోంచి వేగంగా పోవడానికి గుర్రం కంటే వేరేది చూపించు. లారీ ఆ గుంతల్లో దిగదు. ట్యాంకు మొదటిసారి వచ్చింది సెప్టెంబర్ 15న. మనిషి నడక వేగం దానిది. తెచ్చిన 49లో మూడో వంతు మొదలయ్యే చోటికే చేరలేదు. హేగ్ గుర్రాల్ని ఊరికే ప్రేమించలేదు, ఇంకేం లేకే.

ముక్కుసూటి_మూర్తి
ఊరికే కూడా ప్రేమించాడు. ఆయన అశ్వికదళం మనిషే.

మైసమ్మ_బండ
కందకాల్లో చేతి బాంబుల కొరత వస్తే జామ్ డబ్బాల్లో మందు, ముక్కలూ కూరి వత్తి పెట్టి విసిరేవారట. మన శాపర్లు (సైన్యంలో ఇంజనీరింగ్ పనుల దళం) కూడా చేశారు.

పకోడీ_పొట్లం
డబ్బా ఖాళీ చేసే డ్యూటీ ఎవరిదో ముందు చెప్పండి, నేను ఆ యూనిట్‌లో చేరతా.

మైసమ్మ_బండ
ఎప్పుడూ ఒకే రకం జామ్ అట, ఆపిల్ ప్లమ్ కలిపింది. వారం తర్వాత నువ్వే బదిలీ అడుగుతావు.
ఇంకో సంగతి. ముళ్లకంచె కింద తోసి పేల్చే పొడుగు గొట్టం, బెంగళూర్ టార్పిడో. 1912లో బెంగళూరులో మద్రాస్ శాపర్స్ కెప్టెన్ మెక్లింటాక్ తయారుచేశాడు. ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఒకదానికొకటి బిగించుకుంటూ దాక్కున్న చోటు నుంచే కంచె కిందికి నెట్టుకుంటూ పోవచ్చు. మన తెలుగువాళ్లూ తమిళులూ పనిచేసిన దళం అది. ఈ పెద్ద పెద్ద జనరల్స్ కంటే ముందే, కంచె సమస్య రాబోతోందని అక్కడెవరో ఆలోచించారు.

లెక్కల_మేష్టారు
నాకు ఈ యుద్ధంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఎవరూ తేలేదు కాబట్టి నేనే తెస్తా. కనపడని ఫిరంగిని చెవితో కనిపెట్టడం.
దాడిని చంపేది మెషిన్ గన్ ఒక్కటే కాదు, కొండ వెనక దాక్కున్న శత్రు ఫిరంగులు ఎక్కువ. వాటిని ముందే నోరు మూయించాలి. ఎక్కడున్నాయో తెలియాలి. లారెన్స్ బ్రాగ్ అనే పాతికేళ్ల కుర్రాడికి ఈ పని అప్పజెప్పారు. ఆ పని మీద ఉండగానే 1915లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది అతనికి, తండ్రితో కలిపి. ప్లాన్ తేలికే: ఫ్రంట్ వెనక వంపుగా ఆరు మైకులు పెట్టు, ఫిరంగి మోత ఒక్కోదానికి ఎన్ని క్షణాల తేడాతో చేరిందో సినిమా ఫిల్ము మీద నమోదు చెయ్యి, ఆ తేడాల నుంచి స్థానం లెక్కగట్టు. కానీ మామూలు మైకు గుండు దూసుకెళ్లే చప్పుడికి, తుపాకీ చప్పుడికి అదిరిపోతుంది, ఫిరంగి అసలు మోతకి పలకదు. ఆ మోత మరీ మంద్రం, చెవికి దాదాపు ఆనదు.
బ్రాగ్‌కి జవాబు దొరికింది మరుగుదొడ్డిలో. అతను బస చేసిన ఇంట్లో ఆ గది కిటికీలు లేని చిన్న గూడు. దగ్గర్లో ఆరంగుళాల ఫిరంగి పేలినప్పుడల్లా, కింద నుంచి గాలి తోసి మనిషి కాస్త పైకి లేచేవాడు! అంటే చెవికి ఆనకపోయినా గాలి ఒత్తిడి గట్టిగా ఉంది. టక్కర్ అనే కార్పొరల్ దానికి పరికరం చేశాడు: పెట్టెకి చిన్న కన్నం, కన్నంలో వేడెక్కిన సన్నటి ప్లాటినం తీగ. ఫిరంగి ఒత్తిడికి గాలి కన్నంలోంచి తోసుకొస్తే తీగ చల్లబడుతుంది, కరెంటు మారుతుంది. తుపాకీ చప్పుళ్లకి తీగ కదలదు. వాతావరణం అనుకూలిస్తే యాభై మీటర్ల లోపు తేడాతో ఫిరంగి ఎక్కడుందో చెప్పేవారు.
1918 ఆగస్టు 8న ఫ్రాన్సులో అమియాన్ దాడి రోజుకి, ఎదురుగా ఉన్న 530 జర్మన్ ఫిరంగుల్లో 504 ఎక్కడున్నాయో ముందే తెలుసు. విమానం ఫొటోలూ, ఇదీ కలిపి.

పకోడీ_పొట్లం
ఇకమీదట నన్నెవరైనా అంతసేపు లోపలేం చేస్తున్నావ్ అంటే పరిశోధన అంటా.

ఉప్పల్_ఉడుత
ఉక్రెయిన్‌లో ఇప్పుడు చూస్తున్నది మళ్లీ ఇదే కదా? కందకాలు, మైన్లు, కిలోమీటర్ కోసం నెలలు.

సిగ్నల్స్_రిటైర్డ్
సగం. అక్కడ కబురు సమస్య లేదు, పైన డ్రోన్ నుంచి కమాండర్ అంతా లైవ్‌లో చూస్తాడు. ఎదుటివాడూ చూస్తాడు. యాభై బండ్లు ఒకచోట చేరితే దాచడం కుదరదు. 1916లో వారం రోజుల కాల్పులతో దాడి జరగబోతోందని మనమే టముకు వేసేవాళ్లం, ఇప్పుడు డ్రోన్ వేస్తోంది.

శ్రీకాకుళం_చిన్నోడు
అన్నీ వింటున్నా. కానీ ఒకటి ఎవరూ ముట్టుకోలేదు. తీగ తెగింది, రైలు లేదు, సరే. పారిపోయారనో, పిరికితనమనో సొంత సిపాయిల్ని గోడకి నిలబెట్టి కాల్చారు. అలాంటి 306 మందికి బ్రిటన్ 2006లో క్షమాభిక్ష పెట్టింది. తొంభై ఏళ్ల తర్వాత! టెక్నాలజీ లేకపోవడం ఒక సంగతి, ఇది ఇంకో సంగతి.

డల్లాస్_అల్లుడు
దీని మీద వాదన లేదు. 1917 ఏప్రిల్‌లో ఫ్రెంచి జనరల్ నివెల్ 48 గంటల్లో చీల్చేస్తానని మాటిచ్చి షెమాన్ దే దామ్ అనే గుట్టల వరస మీదకి సైన్యాన్ని తోలాడు. చీలలేదు. సిపాయిలు యుద్ధం మానలేదు, కందకం కాస్తాం గానీ ఇక పనికిమాలిన దాడులు చేయం అని మొరాయించారు. వ్యూహం గురించి ఆ ఏడాది సరిగ్గా ఆలోచించింది వాళ్లే అనిపిస్తుంది నాకు. నివెల్ స్థానంలో పెటాన్ వచ్చి కొందర్ని శిక్షించి, సెలవులూ తిండీ మెరుగుపరిచి, ట్యాంకులూ అమెరికన్లూ వచ్చేదాకా ఆగుదాం అన్నాడు.

గోదారి_గట్టు
మరి ఎట్టకేలకి ఎలా చీల్చారు? ట్యాంకులతోనేనా?

లెక్కల_మేష్టారు
ట్యాంకు ఒక్కటే కాదు. 1917 నవంబర్ 20న కాంబ్రె దగ్గర 476 ట్యాంకులు, వెయ్యి ఫిరంగులు. గురి సరిచూసుకునే ముందస్తు కాల్పులు లేవు, మ్యాపు, గొట్టం అరుగుదల, గాలి లెక్కలతోనే నేరుగా కొట్టారు. జర్మన్లకి ముందస్తు కబురు లేదు. ఒక్క రోజులో ఎనిమిది కిలోమీటర్ల దాకా చొచ్చుకెళ్తే ఇంగ్లండులో చర్చి గంటలు మోగించారు. నవంబర్ 30న జర్మన్లు ఎదురుదాడి చేసి చాలావరకు వెనక్కి లాక్కున్నారు. మళ్లీ కాజీపేట గారి రైలే.

కాజీపేట_జంక్షన్
థాంక్స్ మేష్టారూ. జర్మన్ల కథ కూడా అదే. 1918 మార్చి 21న జర్మన్ జనరల్ లూడెన్‌డార్ఫ్ దాడి ఈ యుద్ధంలోకెల్లా గొప్ప చీల్చివేత, అరవై కిలోమీటర్లు పోయారు. పోయి ఏం పట్టుకున్నారు? బీళ్లు, పాడుబడ్డ సోమ్ నేల. అమియాన్ రైల్వే జంక్షన్ పడితే బ్రిటిష్ సరఫరా సగం ఆగేది, దాని ముందే ఆగిపోయారు. తిండీ గుండ్లూ అంత దూరం అందలేదు, ఏరికోరి పోగేసిన మేలైన దళాలు కరిగిపోయాయి. గండి కొట్టడంలో మొనగాడే, ఎందుకు కొడుతున్నాడో మాత్రం తేల్చుకోలేదు.
ఆగస్టులో మిత్రపక్షాలు తిరగబడినప్పుడు ఆ పొరపాటు చేయలేదు. అమియాన్ దగ్గర మొదటి రోజు 11 కిలోమీటర్లు పైగా పోయారు, నాలుగు రోజులకి పనిచేసే ట్యాంకులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. అక్కడే తల బాదుకోకుండా ఆపేశారు. 21న ఆల్బర్ట్ దగ్గర, 26న అరాస్ దగ్గర కొట్టారు. జర్మన్ రిజర్వులు ఒకచోట దిగేసరికి ఇంకోచోట గండి. రైలుకి విరుగుడు అది: ఒక్క పెద్ద గండి కాదు, బండి చేరలేనన్ని చిన్న గండ్లు. సెప్టెంబర్ 29న జర్మన్ల గట్టి రక్షణ వరస హిండెన్‌బర్గ్ లైన్ కూడా పోయింది.

ముక్కుసూటి_మూర్తి
అంటే రాలిన్సన్ 1916లో చెప్పిన "ముద్ద కొరుకుదాం" పద్ధతే, ఫ్రంట్ అంతా పరిచారు. హేగ్ అప్పుడే విని ఉంటే?

లెక్కల_మేష్టారు
అప్పుడు ఫిరంగులు అన్ని లేవు, గుండ్లు నాణ్యత లేదు, బ్రాగ్ పరికరం ఇంకా తయారవుతోంది. సగం నష్టం తగ్గేదేమో. యుద్ధం మాత్రం ముగిసేది కాదు.

శ్రీకాకుళం_చిన్నోడు
1916కి అదీ సమాధానం అనుకుందాం. 1917లో బెల్జియంలో పాషెండేల్ యుద్ధం సంగతేంటి? అప్పటికి గుండ్లున్నాయి, ఫిరంగులున్నాయి, ముద్ద ముద్దగా కొరకడం కూడా వచ్చేసింది. మోకాలి లోతు బురదలో గాయపడ్డవాళ్లు మునిగి చచ్చారు.

లెక్కల_మేష్టారు
సెప్టెంబర్ 20 నుంచి అక్టోబర్ 4 దాకా బ్రిటిష్ జనరల్ ప్లూమర్ మూడు దెబ్బలు కొట్టాడు. మూడూ లెక్క ప్రకారం జరిగాయి, వెయ్యి నుంచి పదిహేను వందల గజాలు పోయి ఆగడం, ఎదురుదాడిని ఫిరంగులతో ఉతకడం. నేల ఎండి ఉంది. అక్టోబర్ 4 సాయంత్రం నుంచి వర్షం పట్టుకుంది. ఫిరంగి పేల్చితే వెనక్కి తన్ని బురదలో కూరుకుపోయేది, ప్రతి గుండుకీ గురి మళ్లీ సరిచేయాలి. ఫిరంగి సరిగా పేలనప్పుడు ఈ పద్ధతి మొత్తం పోయినట్టే. ఇది హేగ్‌కి తెలుసు, కింది జనరల్స్ చెప్పారు కూడా. అయినా నవంబర్ 10 దాకా నడిపాడు. దీనికి రైలు, తీగ, లెక్క ఏదీ అడ్డం పెట్టను.

ముక్కుసూటి_మూర్తి
స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

బొల్లారం_బాద్షా
మూర్తిగారూ, కాడోర్నా మీద విడిగా ఒక థ్రెడ్ పెట్టండి. ఆయన దగ్గర పదకొండు ఉన్నాయిగా, నెమ్మదిగా తిట్టుకుందాం.